మిడిమిడి జ్ఞానం కాదు

ఈ పుస్తకం రాసిన కుర్రాడు ప్రూఫులు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చిన పూట నేను హార్మోనియం తిత్తికి పడిన చిల్లి మీద తోలుముక్క అతికిస్తున్నాను. "తాతా, ముందుమాట రాసివ్వాలి" అన్నాడు. దేనిమీదరా అంటే "మిడి మీద" అన్నాడు. నాకు తెలిసిన మిడి ఒక్కటే, మిడిమిడి జ్ఞానంలోది. ఆ మాటే అన్నాను. వాడు నవ్వలేదు. నాకన్నా ముందు చాలామంది అనేసినట్టున్నారు.

వాడి పేరు అట్ట మీద ఉంది కనక ఇక్కడ మళ్లీ ఎత్తను. మా రాజపాళయంలో రాజాల పేర్లన్నీ ఒకే మూసలోంచి దిగినట్టుంటాయి. వీధిలో నిలబడి పేరు పిలిస్తే నలుగురు పలుకుతారు. మా ఊరంటే పైవాళ్లకి తెల్లకుక్క గుర్తొస్తుంది, 2005లో తపాలా బిళ్ల మీదికి కూడా ఎక్కింది కదా. పెద్దవయసు వాళ్లకైతే 1949 నుంచి 1952 దాకా మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉండి, తన ఇంటినే గాంధీ కళామండ్రానికి ఇచ్చేసిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారు గుర్తొస్తారు. దూదీ దారమూ తెలిసినవాళ్లు 1936లో రాజపాళయం మిల్స్ పెట్టిన పి.ఎ.సి. రామసామి రాజా గారి పేరు చెబుతారు. మా పూర్వులు విజయనగరం కాలంలో ఇటు దిగారని పెద్దలు చెప్పగా విన్నాం. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం. తెలుగు అక్షరాలు నాకు మా నాయనమ్మ పెద్దబాలశిక్ష పెట్టి నేర్పింది. ఈ కుర్రాడికి ఆ భాగ్యం లేదు. ఇంజనీరింగు అయ్యాక సొంతంగా కూర్చుని నేర్చుకున్నాడు. నేర్చుకున్న నాలుగేళ్లకే ఆ అక్షరాలతో ఒక సాంకేతిక పుస్తకం రాశాడు. మిగతాదంతా పక్కన పెట్టినా, ముందుమాటకి ఒప్పుకోవడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు.

నేను ముప్పై నాలుగేళ్లు మిల్లులో పనిచేశాను, అందులో చివరి పదిహేనేళ్లు కోన్ వైండింగ్‌లో. హార్మోనియం సాయంత్రాల వ్యవహారం. సావడిలో భజనలకి, శ్రీరామనవమికి, పెళ్లిళ్లలో ఎవరైనా పాడతామంటే శ్రుతికి. కంప్యూటరు సంగతి నాకేం తెలుసు? అదే అడిగాను. "నీకు దారం తెలుసు కదా తాతా" అన్నాడు. వాడు ఆ మాట ఎందుకన్నాడో మూడో అధ్యాయం దాకా చదివాక గానీ నాకు తట్టలేదు.

ముందు అసలు సంగతి. మిడి అంటే ఎలక్ట్రానిక్ వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. కీబోర్డు మీద ఒక మెట్టు నొక్కితే మిడి తీగలోంచి బయటికి వచ్చేది నాదం కాదు, మూడు అంకెలు. ఉదాహరణకి 144, 60, 90. మొదటిది "స్వరం మొదలు, ఒకటో చానల్‌లో" అని. (ఒకే తీగలో విడివిడిగా నడిచే దారులే చానళ్లు.) రెండోది ఏ మెట్టో చెబుతుంది. మధ్య స్థాయి సి మెట్టు 60. మూడోది ఎంత వేగంగా నొక్కామన్నది, 1 నుంచి 127 దాకా. అవతల ఉన్న యంత్రం ఈ మూడూ చదివి తన దగ్గరున్న నాదాన్ని తీసి పలికిస్తుంది. వీణ కావాలంటే వీణ, పిల్లనగ్రోవి కావాలంటే పిల్లనగ్రోవి. 1983 జనవరిలో అమెరికాలో ఒక వాయిద్యాల ప్రదర్శనలో రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లని ఒక తీగతో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికేలా చేసి చూపించారు. సీక్వెన్షియల్ సర్క్యూట్స్ కంపెనీ డేవ్ స్మిత్, రోలాండ్ కంపెనీ ఇకుతారో కాకెహాషి మిడి వెనకున్న ముఖ్యులు. ముప్పై ఏళ్లకి, 2013లో, ఇద్దరికీ కలిపి సాంకేతిక గ్రామీ ఇచ్చారు. పోటీ కంపెనీలు ఒక భాషకి ఒప్పుకోవడం ఎంత అరుదో మిల్లుల్లో పనిచేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. మా దగ్గర ఒక కంపెనీ మిషనుకి ఇంకో కంపెనీ బాబిన్ పట్టేది కాదు.

మా పక్కవాళ్లకి ఇది కొత్త కాదు కూడా. తేని జిల్లా పణ్ణైపురం నుంచి హార్మోనియంతో బయల్దేరిన ఇళయరాజా గారు 1986లో పున్నగై మన్నన్‌కి కంప్యూటరు సీక్వెన్సరుతో సంగీతం కట్టారు. ఆ పాటలు మా మిల్లు క్యాంటీన్ రేడియోలో వస్తుంటే, "ఈ డోలు వాయించేవాడికి చెయ్యి నొప్పి పుట్టదా" అని మేం ఆశ్చర్యపోయిన రోజులు నాకు గుర్తే.

ఇక ఈ పుస్తకం చెప్పేది వాయించడం గురించి కాదు, పలికించడం గురించీ కాదు. వేలు మెట్టు మీద పడ్డాక, నాదం పుట్టక ముందు, ఆ మూడు అంకెలూ తీగలో ఉన్న కాస్త వ్యవధి గురించి. మిడి తీగలో సెకనుకి 31,250 బిట్లు నడుస్తాయి. మూడు అంకెలు దాటడానికి దాదాపు సెకనులో వెయ్యో వంతు పడుతుంది. ఆ నడుమ ఒక కంప్యూటరుని కూర్చోబెట్టి, అక్కర్లేనివి వడగట్టి, కావలసినట్టు దిద్ది, ఎవరికి చేరాలో వాళ్లకి పంపొచ్చు. వడగట్టడం, దిద్దడం, పంపడం. పుస్తకంలో మూడు భాగాలూ అవే. (మా ఇళ్లలో ఫిల్టర్ అంటే డికాక్షన్ దిగేది ఒక్కటే. వడపోత అన్న మాట వాడి బతికించాడు.)

దారం తెలుసు కదా అని వాడు అన్నది ఇందుకు. స్పిన్నింగ్‌లో తయారైన నూలుని కోన్‌కి చుట్టేటప్పుడు ప్రతి దారమూ ఒక క్లియరర్ గుండా పోతుంది. నేను చేరిన కొత్తలో అది రెండు ఇనప రేకుల మధ్య సన్నటి సందు; లావు ముక్క వస్తే అక్కడ తట్టుకుని తెగేది, అమ్మాయిలు వేళ్లతో ముడి వేసేవాళ్లు. తర్వాత ఎలక్ట్రానిక్ కన్ను వచ్చింది. అది పరుగెత్తే దారాన్ని చూస్తూ, చెప్పిన కొలతకి మించి లావో సన్నమో కనిపిస్తే కత్తిరిస్తుంది, యంత్రమే రెండు కొసలూ అతుకుతుంది. కొలత పెట్టేది మనిషి. చాలా బిగువుగా పెడితే నిమిషానికోసారి కోత, దారమంతా అతుకులు, షిఫ్టు చివర లెక్క చూస్తే కోన్లు తక్కువ. వదులుగా పెడితే ముడులూ చెత్తా అన్నీ గుడ్డలోకి పోయి, నేతగాడి తిట్లు మనకి. పదిహేనేళ్లు నా ఉద్యోగం ఆ కొలత పెట్టడమే. మూడో అధ్యాయంలో వాడు "ఎంత వదలాలి, ఎంత ఆపాలి" అని రాసిన నాలుగు పేజీలూ చదువుతుంటే మళ్లీ డిపార్ట్‌మెంటులోకి వెళ్లినట్టయింది.

ఆ నాలుగు పేజీల వెనక ఒక కథ ఉంది. పుస్తకంలో వాడు సగమే చెప్పాడు. రెండో సగం నేను చెబుతాను, కోపం తెచ్చుకోకూడదు.

మార్గళి నెల, తెల్లవారుజామున సావడిలో భజన. చలికి నా వేళ్లు బిగుసుకుపోయి ఆ రోజు వాడి కీబోర్డుని ముందు పెట్టాం. అది పాతది, రెండో చేతి సరుకు. ఒక మెట్టు నొక్కితే పక్క మెట్టు కూడా సన్నగా కదిలి దొంగస్వరం పలికేది. దానికి వాడు రాత్రంతా కూర్చుని లాప్‌టాప్‌లో మందు తయారు చేసుకొచ్చాడు: మూడో అంకె 20 కన్నా తక్కువగా వచ్చిన ప్రతి స్వరాన్నీ పారేయ్. దొంగస్వరాలన్నీ పదికీ పదిహేనుకీ మధ్య వస్తున్నాయి కనక లెక్క సరిగ్గానే ఉంది. మొదటి కీర్తన మొదలైంది. షడ్జం నొక్కాడు, వేలు తీశాడు. షడ్జం ఆగలేదు. పంచమం నొక్కాడు, అదీ ఆగలేదు. ఒక్కొక్క స్వరమూ వచ్చి కూర్చుంటోందే గానీ లేచి పోవడం లేదు. పాడేవాళ్లు ఆపేశారు. పది పన్నెండు స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, మిల్లులో పవరు పోయి జనరేటరు అందుకునే చప్పుడులా తయారైంది. చివరికి వాడు ప్లగ్గు పీకేశాడు. ఆ నిశ్శబ్దంలో నేను వెళ్లి నా హార్మోనియం పెట్టె తెరిచాను.

మర్నాడు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి చూపించాడు. తెర మీద ఒక్కో సందేశమూ ఒక్కో వరసగా దిగుతోంది. మెట్టు నొక్కాడు: 144, 60, 90. వేలు తీశాడు. వేలు తీసినందుకు 128తో మొదలయ్యే "స్వరం ఆపు" రావాలని నేను అప్పటికి చదువుకున్నాను. రాలేదు. వచ్చింది ఇది: 144, 60, 0. చాలా కీబోర్డులు ఇలాగే చేస్తాయట. వరసగా ఒకే రకం సందేశాలు పోతుంటే మొదటి అంకెని మళ్లీమళ్లీ పంపక్కర్లేదని మిడిలో ఒక వెసులుబాటు ఉంది. ఆపడానికి కూడా 144నే వాడుకుని మూడో అంకెని సున్నా చేస్తే ఆ వెసులుబాటు తెగకుండా సాగుతుంది, తీగలో రద్దీ తగ్గుతుంది. సున్నా వేగంతో "స్వరం మొదలు" అని వస్తే స్వరం ఆగడమని అర్థం. మనవాడి వడపోత 20 కన్నా తక్కువని పారేసింది. సున్నా ఇరవై కన్నా తక్కువే కదా! దొంగస్వరాలతో పాటు ఆపమన్న ఆజ్ఞలన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. మందు చాలా చిన్నది: "1 నుంచి 19 దాకా" అని దిద్దడం.

ఈ అనుభవం తర్వాతే వాడు "కంగారు మీట" ఒకటి కట్టుకున్నాడు. 123వ నంబరు కంట్రోల్ సందేశం అన్ని స్వరాలనీ ఆపమంటుంది. దాన్ని లెక్కచేయని యంత్రాలూ ఉన్నాయి. అప్పుడు 16 చానళ్లలో 128 స్వరాలకీ విడివిడిగా ఆపు అని పంపాలి. మొత్తం 2,048 సందేశాలు, పాత తీగ మీద సుమారు రెండు సెకన్లు. భజన మధ్యలో రెండు సెకన్లు ఎంత పొడవో నాకు తెలుసు.

దిద్దే భాగంలో నన్ను కట్టిపడేసింది శ్రుతి మార్చడం. మా వైపు శ్రుతిని కట్టై లెక్కన చెబుతాం. ఒకటో కట్టై అంటే సి. నా వేళ్లు డెబ్బై ఏళ్లుగా ఒకటో కట్టైలోనే నడిచాయి. ఆడపిల్లలు ఐదో కట్టై, ఐదున్నర అడుగుతారు. దీనికోసం స్కేల్ చేంజర్ హార్మోనియంలో మెట్ల పలకే జరిగేట్టు చేశారు. వేళ్లు అక్కడే, కింద రీడ్లు మారిపోతాయి. సాఫ్ట్‌వేరులో అయితే రెండో అంకెకి ఒక సంఖ్య కలపడమే. ఐదున్నర కట్టై అంటే జి షార్ప్. 60కి 8 కలిపితే 68. అంతే! యాభై వేలు పెట్టి కొనక్కర్లేదు. కాకపోతే ఇక్కడా ఒక గుంట ఉంది. స్వరం మోగుతుండగా ఈ కూడిక మార్చారనుకోండి, మొదలైంది 60గా, ఆపమన్నది 68ని. 60 అలాగే మోగుతుంటుంది. ఏ స్వరాన్ని ఎంత కలిపి పంపామో గుర్తుపెట్టుకుని, దాన్నే ఆపాలి. ఈ ఒక్క విషయం మీద వాడు రాసిన పేజీ ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి.

గమకాల అధ్యాయానికి వస్తే నాకు పాత గాయం ఒకటి కెలికినట్టయింది. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య అది పలకదు, గమకం రాదు, మన సంగీతానికి పనికిరాదు అన్నారు. పెట్టె వాయించేవాడిగా నాకు ఆ మాట కష్టంగానే ఉండేది, అబద్ధమని మాత్రం అనలేకపోయాను. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలు పలికించి పరాయి వాయిద్యమన్న మాట వెనక్కి తీసుకునేలా చేశాడు. ఆయన చేతిలో తంత్రి ఉండేది. మెట్ల వాయిద్యం వాడేం చేయాలి?

మిడిలో పిచ్ బెండ్ అని ఒకటుంది. దాని విలువలు 0 నుంచి 16,383 దాకా, నట్టనడుమ 8,192. మామూలుగా అది స్వరాన్ని అటు రెండు, ఇటు రెండు అర్ధస్వరాలు లాగగలదు. తోడి గాంధారాన్ని తీసుకోండి. షడ్జం 60 అయితే సాధారణ గాంధారం 63. కింద శుద్ధ రిషభం 61, పైన శుద్ధ మధ్యమం 65. పిచ్ బెండ్ చివరంటా కిందికి లాగితే రిషభం, పైకి లాగితే మధ్యమం! ఎవరో తోడి పాడేవాడు కూర్చుని కొలిచి పెట్టినట్టుంటుంది, కాకతాళీయమే అయినా. ఇక ఆ ఊపుని కీబోర్డు మీది పిచ్ బెండ్ చక్రంతోనే తిప్పాలని లేదు. మెట్టుని నొక్కి పట్టాక ఇంకా బలంగా అదిమితే కొన్ని కీబోర్డులు ఒత్తిడి సందేశం పంపుతాయి. దాన్ని పట్టుకుని పిచ్ బెండ్‌గా మార్చి పంపమని మనవాడు చెబుతాడు. వైణికుడు మెట్టు మీద తంత్రిని పక్కకి లాగినట్టే ఉంటుంది చేతికి. ఒత్తిడికి ఉన్నవి 128 మెట్లే. రెండు అర్ధస్వరాలని అన్ని ముక్కలు చేస్తే చెవికి మెట్టు తెలియదు. అత్యాశకి పోయి లాగుడుని పన్నెండు అర్ధస్వరాలకి పెంచితే మెట్లు టకటకా వినిపిస్తాయి.

మొదటిసారి ఇది చేసి వినిపించినప్పుడు ఒక తమాషా జరిగింది. గాంధారం ఊగింది, బాగుంది. కూడా తంబురా కోసం పట్టి ఉంచిన షడ్జ పంచమాలూ ఊగాయి! తంబురా తోడి పాడటం నేను అదే వినడం. పిచ్ బెండ్ ఒక స్వరానికి కాదు, ఆ చానల్‌కంతటికీ వర్తిస్తుంది. అందుకని 48 కన్నా కింది మెట్లని రెండో చానల్‌కి మళ్లించి, ఊపుని ఒకటో చానల్‌కే పంపాడు. తంబురా నిలబడింది. ఒక్కో స్వరానికి ఒక్కో చానల్ ఇచ్చే పద్ధతిని 2018లో ప్రమాణంగా ఒప్పుకున్నారు, 2020లో వచ్చిన మిడి 2.0 ఒక్కో స్వరాన్నీ విడిగా లాగనిస్తుంది అని వాడు రాశాడు. అవి ఇంకా మా సావడి దాకా రాలేదు.

మెచ్చుకోలు రాసేవాడు ఒక్క చోటైనా పేచీ పెట్టకపోతే చదివేవాళ్లు నమ్మరు. నా పేచీ రాగాల వడపోత గురించి. మాయామాళవగౌళకి 60, 61, 64, 65, 67, 68, 71 మెట్లు మాత్రమే పలకనిచ్చి, మిగతావి నొక్కితే దగ్గరి స్వరానికి జరిపేసే పనిముట్టు ఒకటి కట్టాడు. కొత్తగా సరళీవరసలు నేర్చుకునే పిల్లలకి ఉపయోగమట. నేను ఒప్పుకోను. తప్పు మెట్టు నొక్కిన పిల్లకి తప్పు వినపడాలి. వినపడితేనే వేలు సిగ్గుపడి పక్కకి జరుగుతుంది. నూలు సంగతి వేరు. క్లియరర్ కోసిన లావుముక్క దారానికి ఏమీ నేర్పక్కర్లేదు. నా మాట విని వాడు ఆ అధ్యాయాన్ని తీసేయలేదు, దానికి బిలహరి కలిపాడు. బిలహరి ఆరోహణలో మధ్యమ నిషాదాలు లేవు, అవరోహణలో ఉన్నాయి. అంచేత 65ని వదలాలా వద్దా అన్నది అంతకుముందు ఏ స్వరం నుంచి వచ్చామన్న దాన్ని బట్టి ఉంటుంది. వడపోతకి జ్ఞాపకం కావాలి. ఆ లెక్క చాలా అందంగా వేశాడు. పేచీ మాత్రం అలాగే ఉంది.

ఏ పనిముట్లు వాడాలో చెప్పే భాగం క్లుప్తంగానే ఉంది, అది మంచిదే. వచ్చిపోయే సందేశాలని కళ్లతో చూడటానికి విండోస్‌లో మిడి-ఆక్స్, రెండు ప్రోగ్రాముల మధ్య ఊహాతీగ లాగడానికి లూప్‌మిడి, సొంతంగా నియమాలు రాయాలంటే పైథాన్‌లో మిడో. నాకు మటుకు మిల్లర్ పకెట్ రాసిన ప్యూర్ డేటా నచ్చింది. అందులో పెట్టెలు గీసి గీతలతో కలుపుతారు, పైనుంచి స్వరం వస్తుంది, నడుమ పెట్టెలో కూడిక, కిందనుంచి పోతుంది. మా మిల్లు ఎలక్ట్రీషియన్ గోడకి అంటించుకున్న వైరింగు పటంలా ఉంటుంది కనక కంప్యూటరు భాష రాని నాకూ అర్థమైంది. ముందు చూడటం నేర్చుకోండి, రెండు రోజులు ఏమీ మార్చకండి అని వాడు పెట్టిన షరతు కొత్తవాళ్లు తప్పక పాటించాలి. మొదటి గంటలో తెర నిండా 254, 254 అని పరుగెత్తుతుంటే భయపడకండి; కొన్ని కీబోర్డులు సెకనులో మూడో వంతు లోపే ఒకసారి "నేనున్నాను" అని చెప్పుకుంటాయి, అంతే. ఊరివాళ్లలోనూ అలాంటివాళ్లు ఉంటారు.

తాళం గురించీ, లయకి సంబంధించిన గడియార సందేశాల గురించీ రెండు పేజీలే ఇవ్వడం నాకు లోటుగా అనిపించింది. మృదంగం వాయించేవాళ్లు పోట్లాటకి వస్తే రెండో ముద్రణలో చూసుకుంటాడు. భాషలో అక్కడక్కడా మా వైపు తమిళం తొంగిచూస్తుంది. అచ్చువేసేవాళ్లు దిద్దుతామన్నారట, వద్దన్నానని వాడు చెప్పాడు. బాగా చేశాడు.

ఇంతవరకూ రాసి కలం పెట్టేలోపు మనవరాలు వచ్చి చాప పరిచింది. ఐదున్నర కట్టై కావాలట. వాడు నా కోసం సిద్ధం చేసిన లాప్‌టాప్ పక్కన తెరిచే ఉంది. వేళ్లు ఒకటో కట్టై మీద పెట్టాను. ఎనిమిది కలిపానో లేదో ఒకసారి చూసుకోవాలి.